దుమ్మెత్తిపోసేది ఎవరు?

సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీల నడుమ ఉన్న మేళ్లచెరువుకు దుమ్ము కొత్త చుట్టం కాదు. అందుకే కాబోలు, ఇల్లు కట్టినా రోడ్డు తవ్వినా రేగే దుమ్మంతా పొగగొట్టాల ఖాతాలోకే పోతుంది. కేంద్రం 2018 జనవరిలో ఇచ్చిన నోటిఫికేషన్ మాత్రం పర్యావరణ అనుమతి అవసరమైన పెద్ద కట్టడాలు కట్టేవాళ్లనూ వదల్లేదు. మట్టి, ఇసుక కప్పకుండా ఉంచొద్దంది, నీళ్లు చల్లమంది, కట్టడం ఎత్తులో మూడో వంతు, గరిష్ఠంగా 10 మీటర్ల దాకా గాలికి అడ్డుతెర కట్టమంది. ఈ జాగ్రత్తలన్నీ రాసి బోర్డు పెట్టమని కూడా అంది. అన్నిట్లో చవకైనది బోర్డే కదా, నియమపాలన అక్కడే మొదలై అక్కడే ముగుస్తుంది.

ఎండాకాలం తాగడానికే కటకట, దుమ్ముకు నీళ్లెక్కడివని మేస్త్రీ అడగొచ్చు. న్యాయమే, కానీ టార్పాలిన్‌కు దాహం వేయదు. చిన్న ఇంటికి ఇంత హంగామానా అన్నదీ సబబే. అయితే ఆ ఇంటిని పది మీటర్ల తెర ఎవరూ అడగలేదు, ఇసుక కుప్పను మోరీ ఒడ్డున పోయొద్దంటున్నారంతే. వాన పడితే ఆ ఇసుక మోరీ అడుగున పేరుకుంటుంది, క్షారం నిండిన సిమెంటు నీళ్లు చెరువులో చేపల ప్రాణం మీదికి తెస్తాయి. అడ్డంగా నాలుగు ఇసుక బస్తాలు, నీళ్లు తేరుకునే ఒక గుంత ఉంటే ఇసుక చాలావరకు ఆగుతుంది. గుంత తవ్వడం రాదంటే పునాది ఎవరు తవ్వినట్టు? రోడ్డు మునిగాక నింద వానది, పూడికతీత టెండరు కాంట్రాక్టరుది. తీసిన పూడిక మళ్లీ మోరీ గట్టునే, పట్టా కప్పకుండా.