కాటా ఏదిరా?

నేల విడిచేటప్పుడు నా మొత్తం బరువు 757 కిలోలు దాటకూడదు. నా ఒళ్లే 515 కిలోలు. ట్యాంకులు నిండా పోస్తే పెట్రోలు బరువు ఇంకో 67. మిగిలేవి 175 కిలోలు. ఇద్దరు మనుషులు, వాళ్ల సంచులు అందులోనే ఇమడాలి. నా బతుకంతా ఈ లెక్క చుట్టూనే తిరిగింది.

నేను సెస్నా 152ని. 1979లో అమెరికాలోని విచిటాలో పుట్టాను. 1977 నుంచి 1985 దాకా ప్రపంచం మొత్తమ్మీద మాలాంటివి ఏడున్నర వేలు తయారయ్యాయి. రెండే సీట్లు, 110 గుర్రాల ఇంజను, నెత్తిమీద రెక్క. గంటకు 195 కిలోమీటర్లు పోతాను, 23 లీటర్లు తాగుతాను. ప్రపంచంలో ఎందరో పైలట్లకు తొలి పాఠం చెప్పింది మా జాతే.

చాలా చేతులు మారి, చివరికి ఖమ్మం జిల్లా వైరా మనిషి చేతికొచ్చాను. ఆయన డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నన్ను డెంటన్ విమానాశ్రయంలో ఉంచేవాడు. ఇంజను మీద మూత ఎత్తి నూనె చూసేటప్పుడు నాతో తెలుగులో మాట్లాడేవాడు.

2019 ఎండాకాలంలో వాళ్ల నాన్న వచ్చాడు. వైరా రిజర్వాయరు కింద వరి, మెట్టన మిరప వేసే రైతు. నన్ను చుట్టూ తిరిగి చూసి, రెక్క కింద నిలబడి చేత్తో తట్టాడు. అంతలో కొడుకు స్నానాలగదిలో వాడే చిన్న కాటా తెచ్చి నేలమీద పెట్టాడు.

"ఏందిరా, నన్ను మిరపకాయ బస్తా లెక్క తూకమేస్తున్నవా?"

"నిన్నే కాదు నాన్నా, నేనూ ఎక్కుతా."

తండ్రి 68, కొడుకు 76. ముల్లు ఆగేదాకా పెద్దాయన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఖమ్మం మార్కెట్లో బస్తా బస్తాకూ తరుగు తీస్తుంటే చూస్తూ నిలబడ్డ మనిషి. కాటా అంటే ఆయనకు ఆట కాదు. కొడుకు కాగితం మీద కూడిక వేసి చూపిస్తే రెండుసార్లు సరిచూసి, అప్పుడు ఎక్కాడు.

ఎండ నలభై డిగ్రీలు. అంత వేడికి గాలి పలచబడుతుంది, రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజనుకూ బలం చాలదు. మెల్లగా పైకెక్కాను. నా రెక్క పైనుంటుంది కాబట్టి కిటికీలోంచి నేల మొత్తం కనిపిస్తుంది. లూయిస్‌విల్ సరస్సు కట్ట కనపడగానే ఆయన, "మన వైరా కట్ట లెక్కనే ఉందిరా" అన్నాడు. ఆ తర్వాత దిగేదాకా మాట్లాడలేదు.

2022 ఫిబ్రవరిలో ఒక కబురొచ్చింది. నల్లగొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో ఒక సెస్నా 152 కూలింది. ఒంటరిగా నడుపుతున్న శిక్షణ పైలట్ అమ్మాయి చనిపోయింది. నా తోబుట్టువే అది. వైరా నుంచి నా యజమాని తల్లి ఫోన్ చేసి ఏడ్చింది. ఆయన ఏదో చెప్పి తప్పించుకోలేదు. మళ్లీ గురువును పక్కన కూర్చోబెట్టుకుని, వేగం చాలక రెక్క పట్టు తప్పితే ఎలా తేరుకోవాలో రెండు వారాలు నాతో సాధన చేశాడు. ఆ రెండు వారాలకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

అప్పటికి ఆయనకు ఇద్దరు పిల్లలు. ఒకరిని తీసుకెళ్తే ఒకరు కంచె దగ్గర ఏడ్చేవాళ్లు. ఆయన చిన్నప్పుడు భద్రాచలం కల్యాణానికి ఇంటిల్లిపాదీ ఒకే స్కూటరు మీద పోయేవాళ్లట. ముందు తను నిలబడి, నాన్న వెనక చెల్లి, చివర అమ్మ. తల్లాడ, కొత్తగూడెం మీదుగా అంత దూరం సర్దుకున్నారు. సర్దుకోవడం మన ఇళ్లల్లో పెద్ద గుణం. గాల్లో మాత్రం అది ప్రాణం తీస్తుంది.

ఆయన మొదట సెస్నా 172 చూశాడు. నాలుగు సీట్లు. నలుగురికీ సరిపోతుంది కూడా. కానీ వైరా నుంచి అమ్మానాన్న వస్తే ఆరునెలలు ఉంటారు, అప్పుడు ఇంట్లో ఆరుగురు. వాళ్లను వదిలేసి తిరిగే ప్రయాణం ఆయనకు ప్రయాణమే కాదు. అందుకే 2023లో పాత పైపర్ చెరోకీ సిక్స్ కొన్నాడు. ఆరు సీట్లు, 300 గుర్రాలు, వెనక పెద్ద తలుపు. మనుషులు, సామాను, పెట్రోలు అన్నీ కలిపి దాదాపు 680 కిలోలు మోస్తుంది. తాగుడూ అంతే, గంటకు అరవై లీటర్లు. ఇంజను రెండొందల గుర్రాలు దాటితే అమెరికాలో విడిగా శిక్షణ పొంది, లాగ్‌బుక్కులో గురువు సంతకం తీసుకోవాలి. ప్రొపెల్లరు రెక్కల వాలు మార్చే మీట నా దగ్గర లేదు, అది కొత్తగా నేర్చుకున్నాడు.

నన్ను అదే మైదానంలో శిక్షణ ఇచ్చేవాళ్లకు అమ్మాడు. కాబట్టి వాళ్ల మొదటి కుటుంబ ప్రయాణం నా కళ్లముందే జరిగింది. పక్క వరుసలో తాళ్లతో కట్టేసి ఉన్నాను. ఆరుగురూ వచ్చారు. ఆవకాయ జాడీలున్న పెట్టె, బట్టల పెట్టె వెనక అరలో పెట్టేశాడు. పెద్దాయన మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగాడు.

"కాటా ఏదిరా?"

"ఇది చాలా మోస్తది నాన్నా, అక్కర్లేదు."

"ఎంత మోసేదైనా తూకం తూకమే. పైగా వెనకంతా బరువేస్తివి. ఎడ్లబండికి వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తది, తెల్వదా?"

ఆయన విమానశాస్త్రం చదవలేదు. చెప్పింది మాత్రం అక్షరాలా అదే. బరువు వెనక్కి జరిగితే ముక్కు లేస్తుంది, వేగం పడిపోతుంది, ఒకసారి పట్టు తప్పితే తేరుకోవడం కష్టం. కొడుకు ముఖం ఎర్రబడింది. కారు దగ్గరికి పోయి కాటా తెచ్చాడు. రెండు పెట్టెలు కలిపి 52 కిలోలు తూగాయి. ఆ వెనక అర మోయగలిగేది 45 మాత్రమే. సిక్స్‌కు ఇంజనుకూ కూర్చునే చోటుకూ మధ్య మరో సామాను అర ఉంది. ఆవకాయ పెట్టె అందులోకి మారింది. పిల్లలతో సహా అందరూ వరసగా కాటా ఎక్కారు. నాయనమ్మ చెప్పులు విడిచి మరీ ఎక్కింది.

నేనిప్పుడు కొత్తవాళ్లకు నేర్పుతున్నాను. ఈ వారం నాతో ఎగురుతున్న అమ్మాయి 52 కిలోలు, గురువు 84. ట్యాంకులు నిండా పోసుకోవచ్చు.

ఆ స్నానాలగది కాటా ఆ తర్వాత ఇంటికి పోలేదు. సిక్స్ ముందు అరలోనే ఉంటుంది.