ఎదురుతన్నే నీటికి నన్ను తిట్టి లాభమేమిటి?

బెల్లంకొండలో ఒక ఇంటి మరుగుదొడ్డి నుంచి సెప్టిక్ ట్యాంకుకు, అక్కడినుంచి ఇంకుడు గుంత మీదుగా వీధి సైడు కాలువకు మట్టిలో పడుకున్న నాలుగంగుళాల పీవీసీ గొట్టాన్ని నేను. నా పుట్టుక చెప్పి విసిగించను. కరిగించారు, సాగదీశారు, కోసి లారీ ఎక్కించారు, అంతే. మట్టి కప్పాక ఆ ఇంట్లో నా ఊసు వచ్చేది వానాకాలంలో బాత్రూం గచ్చు మీదికి మురుగు తన్నుకొచ్చినప్పుడే. పైపు పాడైందంటారు. నేను రోజూ చేసే పనే ఆ రోజూ చేస్తాను. లోపలికేది, బయటికేది అని నాకు తెలియదు. మట్టం ఎటు ఎక్కువుంటే నీరు అటునుంచి వస్తుంది. నలభై అడుగులకు అడుగు వాటం పెట్టి నన్ను దించిన మేస్త్రీ పనితనం కాలువ ఖాళీగా ఉన్నంతవరకే. కాలువ నీరు మరుగుదొడ్డి మట్టాన్ని దాటిన రోజున ఆ వాటం ఎందుకూ కొరగాదు. పైగా మేడ మీది వాననీటిని కూడా నాలోకే కలుపుతారు. సెప్టిక్ ట్యాంకులోకి వాననీరు రాకూడదన్నది పాత నియమమే, పాటించేవారే కరువు.

కాలువ నీరు ఇంటికంటే ఎత్తుకు ఎలా వచ్చింది? కాలువను, రోడ్డును ఎత్తు చేస్తూ పోయారు కాబట్టి. చుట్టూ ఉన్న నేలకంటే ఇంటి బేస్‌మట్టం కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తుండాలని 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. మంచిదే, కానీ అది ఇల్లు కట్టిన నాటి కొలత. పాత సీసీ రోడ్డును పెకలించకుండా దాని మీదే ఆరంగుళాల చొప్పున మూడు పొరలు పోస్తే పద్దెనిమిది అంగుళాలు పెరుగుతుంది. 45 సెంటీమీటర్లూ అక్కడికి చెల్లు. ఇల్లు కదలకుండానే గుంటలో పడుతుంది. కొత్త రోడ్డుకు కొబ్బరికాయ కొట్టేవారికి ఈ లెక్క పట్టదు. పాత పొరను గీకి తీశాకే కొత్తది వేయాలని తమిళనాడు ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి 2021లో అధికారులను ఆదేశించారు. మన పంచాయతీల అంచనా పత్రాల్లోనూ ఆ ఒక్క వాక్యం చేరితే నా కష్టాల్లో సగం తీరేది.

మిగతా సగానికి నాన్ రిటర్న్ వాల్వ్ ఉంది. నీటిని బయటికి వదిలి, ఎదురొస్తే మూసుకునే రెక్క అది. దగ్గరి మ్యాన్‌హోల్ మూతకంటే కింది మట్టంలో ఉన్న మరుగుదొడ్డికి ఇలాంటిది తప్పనిసరని కొన్ని దేశాల ప్లంబింగ్ నియమాలు ఎప్పటినుంచో అంటున్నాయి. భూగర్భ డ్రైనేజీ లేని పల్లెకు ఇదంతా ఎందుకంటారా? వాన ముసురుపట్టి నల్లరేగడి నేల నీరు తాగడం మానేశాక, ఇంకుడు గుంత నిండాక, నాకు మిగిలేది సైడు కాలువే. అదీ నిండితే ఊరి మురుగు నాలోంచే ఇంట్లోకి వస్తుంది. రెక్కలో చెత్త ఇరుక్కుని వాల్వ్ పనిచేయదన్న అభ్యంతరం మాత్రం న్యాయమైనదే. అందుకే దాన్ని నాలా మట్టిలో పూడ్చకూడదు. మూత తీసి కడగడానికి వీలుగా చాంబర్లో పెట్టాలి. అది మూసుకున్నప్పుడు మేడ మీద స్నానం చేసిన నీరు కింది బాత్రూంలో తేలకుండా, పై అంతస్తు గొట్టాన్ని వాల్వ్ దాటాకే కలపాలి. ఇవేవీ రాయకుండా వాల్వ్ పెట్టండి అని మాత్రం రాస్తే ఆ నియమం ఇంకో ముప్పు తెస్తుంది. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు లాంటి వరద గడప దాటి వస్తే వాల్వ్ ఆపలేదు, అదీ ఒప్పుకోవాలి. ఏటా వచ్చే మామూలు వానల కోసమే నేను మాట్లాడుతున్నాను.

తనిఖీకి మనుషులేరీ అనేది చివరి సాకు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాయి, వాటిలో ఇంజనీరింగ్ అసిస్టెంట్ పోస్టు ఉంది. నా మీద మట్టి కప్పకముందే ఒకసారి వచ్చి వాటం, చాంబరు, వాల్వ్ చూస్తే చాలు. కప్పాక చూడాలంటే గచ్చు పగలగొట్టాలి. ఖర్చంతా ఇంటివారి నెత్తిన వేయడం కూడా సరికాదు. కొత్త ఇంటికి వాల్వ్ యజమానిదే. రోడ్డు పెరగడం వల్ల గుంటలో పడ్డ పాత ఇంటికి మాత్రం ఆ రోడ్డు అంచనాలోంచే పెట్టించాలి. కాంట్రాక్టరు లెవెల్ పుస్తకంలో రోడ్డు మట్టం పక్కన ఆ వీధి మరుగుదొడ్ల మట్టానికీ ఒక గడి గీయాలి, అది నిండకుండా బిల్లు పాస్ కాకూడదు.