పడ్డవాడు చెడ్డవాడేనా?

నేను పసుపు కార్డును. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ముక్కను. ఆర్మూరులో ఓ పీఈటీ సారు చొక్కా జేబులో, ఎర్ర కార్డు పక్కన నా కాపురం. సిద్ధులగుట్ట కనబడే మైదానంలో ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుంటే, రోడ్డు మీద పసుపు బస్తాల ట్రాలీలు నిజామాబాద్ యార్డుకు పోతుంటాయి. ఆట మొదలయ్యాక సారు గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో అందరికన్నా ముందు తెలిసేది నాకే.

మా వంశం మరీ పాతదేం కాదు. 1966 ప్రపంచ కప్పులో ఇంగ్లండ్, అర్జెంటీనాల క్వార్టర్ ఫైనల్ గొడవ గొడవగా ముగిసింది. రిఫరీ ఎవరిని హెచ్చరించాడో ఆటగాళ్లకే సరిగ్గా తెలియలేదు. అప్పట్లో రిఫరీల బాధ్యత చూస్తున్న కెన్ ఆస్టన్‌కు లండన్‌లో కారు నడుపుతూ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఈ రంగుల ఆలోచన తట్టింది. 1970 మెక్సికో ప్రపంచ కప్పుతో మేం మైదానంలోకి దిగాం. మాటలు అక్కర్లేదు, చెయ్యెత్తి చూపిస్తే ఏ దేశపు ఆటగాడికైనా అర్థమవుతుంది.

నేను బయటికి రావడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటన్నిట్లో కష్టమైనది, ఎవరూ తాకకుండానే పడిపోయి పెనాల్టీ అడిగేవాడికి చూపించాల్సి రావడం. రిఫరీని మోసగించే నటన ఎక్కడ చేసినా హెచ్చరిక తప్పదని 1999లో నిబంధనల్లో స్పష్టంగా రాశారు. రాయడం తేలికే. పడినవాడు చీలమండ పట్టుకుని అరుస్తుంటే, అతని జట్టంతా చుట్టూ మూగితే, గట్టు మీది జనం 'పెనాల్టీ, పెనాల్టీ' అని కేకలేస్తుంటే, ఆ పడినవాడి మీదికే నన్ను ఎత్తాలి. సారు వేళ్లు జేబులోకొచ్చి నన్ను పట్టుకుని, ఒక్క క్షణం అలాగే ఆగడం నాకు తెలుసు.

ఈ పడిపోవడాలకు మూలం పెనాల్టీ విలువలోనే ఉంది. ఐర్లాండ్ గోల్‌కీపర్ విలియం మెక్‌క్రమ్ ప్రతిపాదిస్తే 1891లో అది నిబంధన అయింది. గోల్‌కు 11 మీటర్ల దూరంలో బంతి, ఎదురుగా ఒక్క కీపర్. పెద్ద పోటీల్లో నాలుగింట దాదాపు మూడు గోల్ అవుతాయి. మ్యాచ్ మొత్తానికి రెండో మూడో గోల్స్ పడే ఆటలో ఇదెంత ఆశ పెడుతుందో చూడండి. 1990లో రోమ్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్ తేలింది 85వ నిమిషపు పెనాల్టీతోనే. బ్రెహ్మె కొట్టాడు, పశ్చిమ జర్మనీ గెలిచింది. అంతకుముందు పెనాల్టీ బాక్సులో జర్మన్ ఆటగాడు ఫోలర్ పడిన పాటు నిజమా కాదా అని ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నారు.

మరి రిఫరీ ఎలా తేల్చాలి? మా యార్డులో కొనేవాళ్లు పసుపు కొమ్మును పైమెరుగు చూసి ధర కట్టరు. విరిచి లోపలి రంగు చూస్తారు. రిఫరీ కూడా పడిన తీరును అలాగే విరిచి చూడాలి, అదీ రెప్పపాటులో. నిజంగా కాలు తగిలి పడేవాడి చేతులు వాటంతటవే నేలవైపు పోతాయి, ముఖం కాపాడుకోవడానికి. నటించేవాడు రొమ్ము ముందుకు విరిచి, రెండు చేతులూ పైకెగరేసి, మోకాళ్లు వెనక్కి మడిచి విల్లులా వంగుతాడు. దీన్ని బ్రిటన్‌లోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ మారిస్ పరిశీలించి 2009లో చెప్పాడు. ఇంకో చిక్కు ఏమిటంటే, తాకిడంతా ఫౌల్ కాదు. తగిలిందా లేదా అన్నదొక్కటే చాలదు. అజాగ్రత్తగానో దురుసుగానో ఎదుటివాడిని పడేశాడా అన్నది చూడాలి.

పెద్ద మ్యాచుల్లో వీడియో సాయముంది. 2018 ప్రపంచ కప్పులో కోస్టారికా మీద నేమార్ పడగానే పెనాల్టీ ఇచ్చిన రిఫరీ కైపర్స్, తెర మీద మళ్లీ చూసి రద్దు చేశాడు. మా సారుకు తెర లేదు, రెండు కళ్లే ఉన్నాయి. అందుకే ఆటగాడి నోటి నుంచి నిజం రావాలని నాకు ఆశ. 1997లో ఆర్సెనల్ మీద లివర్‌పూల్ ఆటగాడు రాబీ ఫౌలర్ పడ్డాడు. పెనాల్టీ ఇవ్వగానే లేచి, వద్దని చేతులూపాడు. రిఫరీ వినలేదు. ఫౌలర్ కొట్టిన బంతిని కీపర్ సీమన్ ఆపితే, తిరిగొచ్చిన బంతిని మెక్అటీర్ గోల్ చేశాడు. ఆ నిజాయితీ ఆ పూట ఫలితాన్ని మార్చలేదు, అయినా నాకు ఫౌలర్ అంటే గౌరవం.

మా నిజామాబాద్ జిల్లా గిరిజన తండా నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్య భారత జట్టు వింగర్ అయింది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడింది, 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) ఉత్తమ క్రీడాకారిణి అవార్డు అందుకుంది. ఆమెలా బంతితో దూసుకుపోయే వాళ్లకే కాళ్ల మీద దెబ్బలెక్కువ. నటించి పడేవాళ్లు పెరిగేకొద్దీ, నిజంగా దెబ్బ తిన్నవాళ్లను నమ్మేవాళ్లు తగ్గిపోతారు. నాకు కోపం వచ్చేది అందుకే.

ఓ మ్యాచ్ చెబుతాను. మొదటి సగంలో ఓ కుర్రాడు బాక్సులో గాల్లోకి ఎగిరి పడ్డాడు. డిఫెండర్ దగ్గరగా కూడా లేడు. సారు నన్నెత్తాడు. "వాడు తన్నిండు సార్!" అని కుర్రాడు ఏడ్చినంత పని చేశాడు. సారు మాట్లాడకుండా నంబరు రాసుకున్నాడు.

రెండో సగంలో అదే కుర్రాడు, అదే బాక్సులో మళ్లీ పడ్డాడు. ఈసారి చేతులు ముందు నేలను తాకాయి. మేజోడు చిరిగి మడమ దగ్గర ఎర్రగా గీరుకుపోయింది. గట్టు మీద జనం నవ్వారు. అతని జట్టువాళ్లు కూడా పెనాల్టీ అడగలేదు. డిఫెండర్లు మాత్రం పరిగెత్తుకొచ్చి "వీనికి ఇంకో కార్డు ఇయ్యండి సార్, బయటికి పంపుండ్రి" అన్నారు. ఇంకోసారి నేను బయటికొస్తే, వెనకే ఎర్ర కార్డు వస్తుంది. ఆ కుర్రాడి ఆట ముగిసిపోతుంది.

సారు చెయ్యి నా దగ్గరికి రాలేదు. ఈల ఊది, సున్నపు చుక్క వైపు వేలు చూపించాడు.

"అంతకుముందు మోసం చేసిండు కద సార్!"

"గప్పటిదానికి గప్పుడే కార్డు ఇచ్చిన. ఇది ఫౌల్."

కుర్రాడు కుంటుతూనే పెనాల్టీ తానే కొట్టాడు. కీపర్ కుడివైపుకు దూకి ఆపేశాడు. మ్యాచ్ గోల్స్ లేకుండానే ముగిసింది.