పాలెగాడు యాడుండాడు?

మా వీధి కాలవ పొంగి పది దినాలైంది. కార్పొరేటర్ ఇంటికి పోతే, "కొండకు పోయినాడు సామీ" అన్నారు. తిరుపతిలో ఈ మాటకు ఎదురులేదు. దేవుడి దగ్గరికి పోయినోణ్ణి ఎందుకు పోయినావని ఎట్లా అడిగేది? మర్నాడు "ఇంకా దిగలేదు." మూడోనాడు "చిత్తూరు కలెక్టరాఫీసులో పనుంది." 2022లోనే తిరుపతి వేరే జిల్లా అయిపోయె, కలెక్టరు ఇక్కడే కూర్చోనుండె. అయినా నేను నోరు మెదపలేదు.

వార్డు మీటింగులో ఆయన కుర్చీకి టవలొకటే హాజరు. చెవులు కుట్టేకాడ, పుట్టెంటికలకాడ, కర్మంత్రంలో మాత్రం ముందు వరస ఆయనదే. ఆకులో రెండో తూరి పాయసం పోయించుకునే మనిషిని కాలవ గురించి అడగడానికి నాకు మనసు రాదు. ఆయనకు ఆ సంగతి బాగా తెలుసు.

ఆయన్ని అని ఏం లాభంలే. మా ఊరు కార్పొరేషనయింది 2007లో, తొలి కార్పొరేటర్లు గెలిచింది 2021 మార్చిలో. రాముడి వనవాసమెంతో అంత. లేకపోవడమనేది ఆ పదవికి పుట్టుకతోనే వచ్చింది.

హాజరుకు విలువ లేదనీ కాదు. 2025 ఫిబ్రవరి 3న డిప్యూటీ మేయర్ ఎన్నికని ఎస్వీ యూనివర్సిటీ సెనేట్ హాలులో మీటింగు పెడితే, కోరం లేక మర్నాటికి పోయింది. ఎవరొచ్చినారు, ఎవరు రాలేదు అని టీవీలవాళ్ళు తలలు లెక్కపెట్టినారు. ఆ పొద్దు కాలవ కాగితం పట్టుకోని నేను గేటుకాడుండాల్సింది. బుద్ధి ఆలస్యంగా వచ్చింది.

దారి చూపింది మా ఊరి అమ్మోరు తాతయ్యగుంట గంగమ్మే. అమ్మకు భయపడి పాలెగాడు దాక్కుంటే, బైరాగి, బండ, తోటి అని రోజుకో వేషం కట్టి వెతికిందంట. దొరకలా. నాలుగోనాడు దొర వేషం కట్టింది. దొరొచ్చినాడని వాడే బయటికొచ్చె. ఆ పైన తల తీసిన కథ మనకొద్దు.

మా బామ్మర్దిది బాన పొట్ట. తెల్ల చొక్కా, నల్లద్దాలు తగిలించి, అడిగి తెచ్చిన తెల్ల ఇన్నోవాలో ఎక్కించి వీధి మొదట్లో నిలబెట్టినా. పక్కింటి పిల్లోడితో కార్పొరేటరుకు "సారొచ్చినారన్నా" అని ఫోను చేయించినా. ఏ సారని కూడా అడగలేదంట.

పది నిమిషాల్లో శాలువాతో దిగినాడు, ఎనకాల ఫోటోగ్రాఫరు. శాలువా మా బామ్మర్ది భుజాన పడింది. వాడు పెళ్ళినాడు కూడా అంత ముచ్చటగా నవ్వలేదు.

"రెండడుగులు ఎనక్కి రాన్నా, కారంతా పడాల" అన్నాడు ఫోటోగ్రాఫరు.

రెండడుగులూ ఎనక్కేసినాడు. రెండోది మోకాలి దాకా దిగింది.

కాలు పైకెత్తి, ఒక చెప్పుతో నిలబడి నన్ను చూసినాడు. "ఏంది సామీ, ఎన్ని దినాల్నించి ఇట్లుంది? ఒక మాట చెప్పకూడదా?"