నాలుగు ముఖాల పాచికను

నేను దొర్లను. ఎగరేస్తే పడ్డచోటే కూర్చుంటాను. నాలుగు త్రిభుజాలు కలిసిన ఒళ్ళు నాది. ఒక్కో ముఖం మీద మూడేసి అంకెలుంటాయి. నేను పడ్డాక పైకి కనిపించే మూడు ముఖాల మీదా నిటారుగా నిలబడిన అంకె ఏదో అదే లెక్క. మా సంచిలో ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, ఇరవై ముఖాల వాళ్ళు కూడా ఉన్నారు. అందరికంటే చిన్న అంకెలు నావే. అయినా ఆటలో కొన్ని చోట్ల నా మాట లేనిదే పని జరగదు.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటను తెచ్చారు. మా తొలితరం వాళ్ళు అంతకుముందు బడిపిల్లలకు లెక్కలు నేర్పే సామాన్లలో ఉండేవాళ్ళు. అక్కడినుంచి ఈ ఆటలోకి వచ్చారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుంటారు. ఏ పాత్రకు ఏ శక్తి ఉందో, ఏ మంత్రం ఎలా పనిచేస్తుందో పుస్తకం చెబుతుంది. దెబ్బ ఎంత తగిలిందో మేం చెబుతాం.

నేనుండేది నరసరావుపేటలో. అక్క హైదరాబాదు నుంచి సంక్రాంతికి వస్తే మేడమీద చాప పరుస్తారు. అక్కడినుంచి చూస్తే కోటప్పకొండ కనిపిస్తుంది. ఈసారి అక్క కథను గుత్తికొండ బిలంలో పెట్టింది. పల్నాటి యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు ఆ బిలంలోకే వెళ్ళిపోయాడని పల్నాట్లో చెప్పుకుంటారు. చీకటి, ఇరుకు దారులు, లోపల నీళ్ళ గుండాలు. ఇలాంటి ఆటకు ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? తమ్ముడు మాంత్రికుడు, బావ యోధుడు. తాతయ్య మడతకుర్చీలో కూర్చుని చూస్తున్నాడు.

మొదటి తగవు నిప్పుగోళం దగ్గర వచ్చింది. ఆ మంత్రానికి ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేయాలి. తప్పుకోగలిగినవాడికి సగం దెబ్బ, సగంలో అర మిగిలితే కిందికే లెక్క. బావ శత్రువుల మధ్యలో ఇరుక్కున్నాడు. “నన్నూ కాలుస్తావేంట్రా?” అన్నాడు. తమ్ముడిది ఎవొకేషన్ అనే మంత్రశాఖ. మంత్రం స్థాయికి ఒకటి కలిపితే ఎంతో, అంతమందిని ఆ శాఖవాడు మంటనుంచి కాపాడుకోవచ్చు. నిప్పుగోళం మూడో స్థాయిది, కాబట్టి నలుగురిని. బావకు వెంట్రుక కూడా కాలలేదు. ఆ తగవు అక్కడే తేలిపోయింది.

నాకు సంబంధించినది అంత తేలిగ్గా తేలలేదు. బిలం చివర కాపలా రాకాసికి ఇంకా ఇరవై హిట్ పాయింట్లు ఉన్నాయి. తమ్ముడు మ్యాజిక్ మిసైల్ మంత్రం వేస్తానన్నాడు. మూడు బాణాలు, గురి తప్పవు, తప్పుకునే అవకాశమూ ఉండదు. ఒక్కో బాణానికి నా అంకెకు ఒకటి కలిపినంత డ్యామేజీ. పైగా పదో లెవెల్‌కు చేరిన ఆ శాఖ మాంత్రికుడు, తన మంత్రంలో ఒక డ్యామేజీ రోల్‌కు తన తెలివి బోనస్ కలుపుకోవచ్చు. తమ్ముడికి అది అయిదు.

“ఒక రోల్‌కు అన్నారు కాబట్టి అయిదు ఒక్క బాణానికే” అన్నాడు బావ.

“మూడూ ఒకేసారి తగులుతాయి బావా, రోల్ ఒక్కటే. అయిదు మూడింటికీ వస్తుంది.”

నేను మూడు చూపిస్తే బావ లెక్కలో పదిహేడు, తమ్ముడి లెక్కలో ఇరవై ఏడు. ఒకదాంట్లో రాకాసి బతుకుతుంది, ఇంకోదాంట్లో పోతుంది. తమ్ముడు నన్ను పైకెత్తాడు.

“ఆగరా, లెక్క తేలాక వేద్దువుగాని” అంది అక్క.

అప్పుడు తాతయ్య కలగజేసుకున్నాడు. ఆయన చిన్నప్పుడు రచ్చబండ మీద పులిజూదం ఆడేవాడు. మూడు పులులు, పదిహేను మేకలు. మేక దూకలేదు, పులి మేక మీదుగా దూకి చంపుతుంది. “ఒక ఎత్తులో ఒక్క మేకనేనా, వరసన రెండిటినా అని మేం ముందే అడిగేవాళ్ళం. పులి దూకాక అడిగితే ఎవడి లాభం వాడు చెబుతాడు” అన్నాడు. పల్నాటి యుద్ధం కథలోనూ ఇలాంటి తగవే ఉంది. కోడిపందెంలో ఓడి మాచర్లవాళ్ళు ఏడేళ్ళు వలసపోయారు. గడువు తీరి రాజ్యం అడిగితే గురజాల ఇవ్వనంది. ఆ తగవు కారెంపూడిలో యుద్ధంగా తేలింది. తాతయ్య ఆ కథ ఎత్తలేదు గానీ పల్నాట్లో పుట్టినవాళ్ళకు అది గుర్తురాకుండా ఉండదు.

అక్క 2014 నాటి రూల్స్ పుస్తకం తెరిచింది. ఒకే సమయంలో ఒకరికంటే ఎక్కువమందికి దెబ్బ తగిలితే డ్యామేజీ అందరికీ కలిపి ఒక్కసారే వేయాలని అందులో ఉంది. “మూడూ ఒకడిమీదే వేస్తున్నాడుగా?” అని పట్టుకున్నాడు బావ. మంచి ప్రశ్న. ఆ వాక్యం దీనికి నేరుగా జవాబు చెప్పదు. అక్క ఆలోచించి, “బాణాలు తగిలే క్షణం ఒకటే. గురి ఎవరిమీదైతేనేం, రోల్ ఒక్కటే” అంది. ఆ పుస్తకానికి రూల్స్ చూసిన జెరెమీ క్రాఫర్డ్ చెప్పిందీ అదే. “మీ కత్తి ఎంతసేపైనా కొడుతుందండీ. వాడి మంత్రాలు అయిపోతే మళ్ళీ విశ్రాంతి తీసుకునేదాకా రావు. షీల్డ్ మంత్రం వచ్చినవాడు ఎదురైతే మూడు బాణాలూ వృథా” అని బావకు నచ్చజెప్పింది. నా తీర్పు కూడా అక్క తీర్పే. పదో లెవెల్ దాకా కష్టపడి తెచ్చుకున్న శక్తి మూడింట ఒక బాణానికే పరిమితమైతే దానికి విలువేముంది?

తీర్పును నోటుపుస్తకంలో రాసి, బావతో సరేననిపించాకే నన్ను వేశారు. రెండు పడింది. రెండుకు ఒకటి, దానికి అయిదు, మొత్తం ఎనిమిది. మూడు బాణాలకు ఇరవై నాలుగు. రాకాసి పడిపోయింది.

మా ఆటకు పుస్తకాలున్నాయి. మీ ఊళ్ళో పులిజూదం తెలిసిన పెద్దవాళ్ళుంటే పులి ఎలా దూకాలో, మేక ఎప్పుడు కదలాలో వాళ్ళనడిగి ఇప్పుడే రాసిపెట్టుకోండి.