గోదావరి సిగ్నలు మేడ ఎక్కదు

విశాఖపట్నంలో గాజువాక దాటి కూర్మన్నపాలెం వైపు వచ్చాక, లోపల స్టీల్ ప్లాంటులో రిటైరైన మనిషి ఉన్నాడా లేడా అన్నది ఏ ఇంటికైనా గేటు చూసి చెప్పెయ్యచ్చు. ఉంటే ఆ గేటు తియ్యడానికి ఒక చెయ్యి చాలదు. లోకమంతా అర అంగుళం ఊచలు వేయించుకుంటే ఈయన ముప్పాతిక అంగుళం వేయిస్తాడు. కిటికీ గ్రిల్లు, మేడమెట్ల రెయిలింగు, బట్టలారేసే దండెం, చివరికి తులసికోట చుట్టూ కంచె, అన్నీ ఇనుమే. సముద్రపు గాలికి ఏటా తుప్పు పడుతుంది. ఏటా సంక్రాంతి ముందు గోకించి రెడ్ ఆక్సైడ్ కొట్టిస్తాడు. "తుప్పు ఇనుము తప్పు కాదయ్యా, ఉప్పుది" అంటాడు.

వీధిలో వీళ్ళని ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఏజీఎంగారు, డీజీఎంగారు, ఫోర్‌మన్‌గారు. ఉద్యోగం ప్లాంటులో వదిలి హోదా మాత్రం ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు. నేను పై వాటాలో అద్దెకుంటున్నది అలాంటి ఒక డీజీఎంగారింట్లో. వీధికి ఇద్దరు ముగ్గురు డీజీఎంగార్లు ఉన్నారు కనక ఇది చదివిన ప్రతివారూ పక్కింటాయన గురించి రాశాననుకుంటారు. నాకు ఆ ధైర్యం ఉంది.

మా డీజీఎంగారు ఏ షిఫ్టు వేళకి లేస్తారు. టిఫిన్ అయ్యాక జనరల్ షిఫ్టు. నీళ్ళ మోటారున్న గూడు పంప్ హౌసు. పనమ్మాయి రాకపోతే అబ్సెంటీయిజం. ఇడ్లీ ఆలస్యమైతే, "ఏమిటి, బ్రేక్‌డౌనా?" అని హాల్లోంచి కేక. ఆంటీగారు అదే స్థాయిలో, "బ్రేక్‌డౌనూ లేదు, పాడూ లేదు. పిండి పులవలేదు" అంటారు. ఆయన దాన్ని నివేదికగా స్వీకరించి పేపరు తిప్పుతారు.

ఇల్లు అద్దెకిచ్చినప్పుడు "వైఫై మాదే, అద్దెలో కలిపేశాం" అన్నారు. అన్నమాట నిలబెట్టుకునే మనిషి. చిక్కల్లా కింద హాల్లో ఉన్న రౌటరుతోనే. దాని సిగ్నలు మెట్ల దాకా బాగానే వచ్చి, పై వాటా గుమ్మం దగ్గర చెప్పులు విప్పినట్టు ఆగిపోతుంది. నేను ఆఫీసు మీటింగులో మాట్లాడుతుంటే నా మొహం నోరు తెరుచుకుని బిగుసుకుపోతుంది. సంగతి చెప్పగానే డీజీఎంగారు కళ్ళజోడు సవరించుకుని, "అంటే ప్రొడక్షన్ బాగానే ఉంది. డెస్పాచ్‌లో సమస్య" అని తేల్చారు.

ఆ రౌటరు పేరు గోదావరి. ప్లాంటులో 1990లో వెలిగించిన మొదటి బ్లాస్ట్ ఫర్నేసు పేరు అది. రెండోది కృష్ణ, మూడోది అన్నపూర్ణ. వాటి వేడి తగలనివాళ్ళకి అవి ఉత్త పేర్లు. ఈయన వాటిని ఇంటి ఆడపడుచుల్లా తలుచుకుంటారు.

కొత్తగా వచ్చినవాళ్ళు పాస్‌వర్డ్ అడిగితే ముందు చరిత్ర వినాలి. 1966లో ప్లాంటు కోసం ఈ ఊళ్ళో ఉద్యమం, పోయిన ప్రాణాలు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన. ఆ రాయి చూసుకుంటూ ఊరు ఎదురుచూసిన ఏళ్ళు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు వచ్చి జాతికి అంకితం చెయ్యడం. ఇక్కడికొచ్చేసరికి గొంతు జీరపోతుంది. 2021 జనవరిలో కేంద్రం ప్లాంటుని అమ్మేస్తామన్నప్పటినుంచీ ఆ జీర ఇంకాస్త ఎక్కువైంది. కూర్మన్నపాలెం శిబిరంలో ఈయనా కూర్చున్నారు, ఇంట్లోంచి కుర్చీ పట్టుకెళ్ళి. ఇనప కుర్చీ. ఇదంతా అయ్యాక పాస్‌వర్డ్ చెబుతారు. మీరూ ఊహించే ఉంటారు: ఆనాటి నినాదంలో రెండో సగం, దాని పక్కన 1966.

వీధి కుర్రాళ్ళూ ఊహించారు. ఓ సాయంత్రం గోడ పక్కన వరసగా కూర్చుని క్రికెట్ చూస్తూ దొరికిపోయారు. "ఎవడబ్బ సొమ్మనిరా నా నెట్టు వాడుతున్నారు?" అని గర్జించారు డీజీఎంగారు. వాళ్ళలో చిన్నవాడు తలెత్తకుండా, "ఆంధ్రుల హక్కు అని మీరే పెట్టారు కదంకుల్" అన్నాడు. ఆయన నోరు తెరిచి, మూసి, లోపలికొచ్చేశారు. పాస్‌వర్డ్ మార్చలేదు. ఆ మాట మార్చమని ఆయనకి ఎవరు మాత్రం చెప్పగలరు?

ఇక సిగ్నలు మేడ ఎందుకెక్కదంటారా? ఇల్లు కట్టినప్పుడు స్లాబుకి ఆరంగుళాలకొక రాడ్డు చాలన్నాడట ఇంజనీరు. "మన ఊళ్ళో పుట్టిన రాడ్డు మన ఇంట్లో వెయ్యడానికి పిసినారితనమా?" అని ఈయన నాలుగంగుళాలకొకటి, అదీ రెండు వరసలు, తానే కొలబద్ద పట్టుకుని నిలబడి వేయించారు. ఆ రాడ్డు వచ్చిన మిల్లులోనే ఆయన సర్వీసంతా గడిచింది మరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి ఊళ్ళో చెట్లు, కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు కూలినా మన ఇంటికి బీటైనా పడలేదని నాకు చాలాసార్లు చెప్పారు. నిజానికి ఆ వీధిలో ఏ స్లాబు ఇంటికీ బీట పడలేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

2.4 గిగాహెర్ట్జ్ వైఫై తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. డీజీఎంగారి స్లాబులో రాడ్డుకీ రాడ్డుకీ మధ్య సందు 10. తరంగం కంటే కన్నం చిన్నదయ్యేకొద్దీ ఇనప వల దాన్ని వెనక్కి తిప్పికొడుతుంది. మైక్రోవేవ్ ఓవెన్ తలుపుకి సన్నకన్నాల రేకు పెట్టేదీ ఇందుకే, లోపలి తరంగం బయటికి రాకుండా. ఆపైన కాంక్రీటు తాగేది కాంక్రీటు తాగుతుంది. అంటే గోదావరికి అడ్డుకట్ట వేసింది సాక్షాత్తూ విశాఖ ఉక్కు! ఈ మాట ఆ ఇంట్లో అనడం ఎలా? అద్దె మనిషిని, నాకు నీళ్ళు, కరెంటు ఆయన చేతిలో ఉన్నాయి.

ఆయన దర్యాప్తు వేరే దారిన సాగింది. మొదటి అనుమానం పక్కిళ్ళ రౌటర్ల మీద. అందులో కొంత నిజం లేకపోలేదు. 2.4 గిగాహెర్ట్జ్‌ని 2005లో ప్రభుత్వం లైసెన్సు అక్కర్లేదని వదిలేశాక అందరూ అక్కడే పడ్డారు. ఒకదానిమీదొకటి పడకుండా సర్దుకోడానికి 1, 6, 11 అని మూడు ఛానెళ్ళే గతి. ఇంటింటికీ తిరిగి ఛానెళ్ళు పంచారు డీజీఎంగారు, షిఫ్టులు వేసినట్టు. తర్వాత మైక్రోవేవ్. అదీ 2.4 చుట్టుపక్కలే పనిచేస్తుంది గనక, నా మీటింగు అయ్యేదాకా పాలు వేడిచెయ్యరాదని వంటింటి గోడకి కాగితం అంటించారు. ఆంటీగారు ఆ కాగితం మీదే పాలవాడి లెక్క రాసుకున్నారు. ఆ తర్వాత, 5 గిగాహెర్ట్జ్‌లో కొన్ని ఛానెళ్ళు రాడార్లకి దారివ్వాలని ఎక్కడో చదివి, ఔటర్ హార్బరు బయట లంగరేసిన ఓడల మీద పడ్డారు. "డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డం లేకపోతే మన పని ఇంకా అన్యాయమయ్యేది" అన్నారు. పాపం, ఆ ఓడలకి మా హాలు సంగతే తెలియదు. సముద్రపు తేమనీ, అడాప్టరునీ, కేబుల్ వాళ్ళనీ అందరినీ బోనెక్కించారు. నాలుగంగుళాల రాడ్డుని మాత్రం సాక్షిగా కూడా పిలవలేదు.

చివరికి ద్వారకానగర్ వెళ్ళి రేంజ్ ఎక్స్‌టెండర్ కొనుక్కొచ్చారు. అరచేతిలో పట్టే తెల్లపెట్టె, రెండు చెవులు. దానికి కృష్ణ అని నామకరణం. బిగించే ముందురోజు రాత్రి నా ఫోనుకి వర్తమానం: "రేపు ఉ. 10 నుండి నెట్ షట్‌డౌన్. సహకరించగలరు." పొద్దున్న దిగి చూస్తే రౌటరు స్విచ్చుకి ఎర్ర అట్టముక్క వేలాడుతోంది. మనుషులు పనిలో ఉన్నారు, స్విచ్ వేయరాదు. పన్నెండు వోల్టుల అడాప్టరుకి పదకొండు వేల వోల్టుల మర్యాద! కాళ్ళకి సేఫ్టీ బూట్లు. హెల్మెట్టు ఆంటీగారు ఎప్పుడో అటక మీద దాచేశారు కాబట్టి లేదు.

కలపడం తేలికే. రౌటరు మీద డబ్ల్యూపీఎస్ మీట నొక్కి, రెండు నిమిషాల్లోగా ఎక్స్‌టెండర్ మీద మీట నొక్కితే రెండూ చెయ్యి కలుపుకుంటాయి. రెండూ ఒకచోట పెట్టుకుని నొక్కి, ఆ తర్వాత పైకి తీసుకెళ్ళచ్చు. కానీ సరుకు దాని స్థానంలోనే బిగించాలన్నది ఈయన పద్ధతి. కింద ఆంటీగారు, పైన నా గదిలో ఆయన, మధ్యలో మెట్ల మీద నేను, కేకలు అందించడానికి.

"నొక్కావా?"

"ఏది నొక్కాలండీ? రెండు పేర్లు రాసుంది."

"ఉన్నదే ఒకటి! గట్టిగా నొక్కి పట్టు, నేను చెప్పేదాకా వదలకు!"

ఆవిడ వదల్లేదు. చాలా రౌటర్లలో ఆ మీట ఒక్కసారి నొక్కితే డబ్ల్యూపీఎస్సు, పట్టుకుని నొక్కితే రీసెట్టు. దీపాలన్నీ ఒక్కసారి మిటకరించి ఆరిపోయాయి. గోదావరి తన పేరు, నినాదం, 1966 అన్నీ మరిచిపోయి, ఫ్యాక్టరీ పేరుతో కొత్తగా కళ్ళు తెరిచింది. గోడ పక్కన కుర్రాళ్ళు, "అంకుల్, నెట్టు పోయింది" అని ఫిర్యాదుకొచ్చారు.

మర్నాడు కేబుల్ కుర్రాడొచ్చాడు. శ్రీకాకుళం వైపు అబ్బాయి. అన్నీ తిరిగి ఎక్కించి, నా గదిలో గోడకున్న కృష్ణని చూసి నవ్వాడు. "ఏటి సార్, సిగ్నలు లేనికాడ పెట్టీసినారు? అదేటి వింటాది, ఏటి చెప్తాది?"

"ఎక్కడ కొరతో అక్కడ కదయ్యా సరుకు పెట్టాలి!"

"ఇది సరుకు పుట్టించదు సార్. ఇన్నది ఇన్నట్టు చెప్తాది, అంతే. సగం దారిలో పెట్టాలి. మెట్ల మలుపుకాడ ప్లగ్గుంది, అక్కడెట్టండి." ఫోనులో అంకెలు చూపించాడు. నా గదిలో గోదావరి బలం మైనస్ 84, మెట్ల మలుపులో మైనస్ 62. మైనస్ అంకె ఎంత చిన్నదైతే సిగ్నలు అంత బలం. 67 దాకా ఫరవాలేదు, 80 దాటితే ఉన్నా లేనట్టే. ఎక్కువ ఉత్పత్తికి తక్కువ అంకె అన్నది డీజీఎంగారికి మింగుడుపడలేదు. అయినా లాగ్ బుక్కు తీసి గడులు గీశారు. ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు. సి షిఫ్టు రీడింగు కోసం అర్ధరాత్రి టార్చి వేసుకుని మెట్ల మలుపులో నిలబడ్డ మనిషిని చూసి గూర్ఖా ఈల వేశాడు.

మలుపుకి మారాక పైకి సిగ్నలైతే వచ్చింది, వేగం మాత్రం సగమే. ఒకే రేడియోతో కిందనుంచి వినాలి, అదే ఛానెల్లో పైకి చెప్పాలి. వినేటప్పుడు చెప్పలేదు, చెప్పేటప్పుడు వినలేదు. "మిగతా సగం ఏమైంది?" అన్నారు డీజీఎంగారు కుర్రాణ్ణి దొంగని చూసినట్టు చూస్తూ. "మా మిల్లులో యీల్డు ఒక్క శాతం తగ్గినా సంజాయిషీ రాయించేవాళ్ళం." పోనీ 5 గిగాహెర్ట్జ్ వాడదామన్నారు. ఐదు పెద్దదా, రెండున్నర పెద్దదా? వేగంలో పెద్దదే గానీ గోడలు దాటడంలో అదే ముందు చతికిలబడుతుంది.

"ఇలాక్కాదు సార్," అన్నాడు కుర్రాడు. "కిందనుంచి లాన్ వైరు లాగి పైన ఇంకో పెట్టె పెట్టీదాం. వైరు మీద వచ్చింది వచ్చినట్టే ఉంటాది, సగం అవ్వదు." అని ఊరుకోక, స్లాబుకేసి చూసి, "మీ స్లాబులో ఇనుము ఎక్కువైపోనాది సార్" అనేశాడు.

ఇంట్లో గాలి ఆగిపోయింది. ఆంటీగారు వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడ్డారు.

"ఎక్కువా?" అన్నారు డీజీఎంగారు. "ఎవరు చెప్పారు? నాలుగంగుళాల సందుంది. నీ వైరెంత? కన్నం పెట్టు. నేను చూపిస్తా ఎక్కడ పెట్టాలో." అటకెక్కించిన పాత ప్లాను దింపించి, సుద్దముక్కతో కప్పు మీద గుర్తు పెట్టారు.

కుర్రాడు స్టూలెక్కి డ్రిల్లు పెట్టాడు. కొంత దూరం బొడిబొడిగా పొడి రాలింది. అంతలో కీచుమని చప్పుడు, నాలుగు నిప్పురవ్వలు. రాడ్డు. అంగుళం పక్కకి జరిపాడు. మొదటి వరస తప్పించుకున్నాడు గానీ రెండో వరస తగిలింది. తమకంలో గట్టిగా అదిమేసరికి బిట్టు టప్పుమని విరిగి ఆంటీగారి సోఫాలో పడింది.

డీజీఎంగారి మొహం అంతగా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. "ఆగు, దిగు, దిగు!" అని ఆయనే స్టూలెక్కి కన్నంలోకి టార్చి వేశారు. "చూడవయ్యా, ఆ రిబ్బు చూడు! ఇరవై ఏళ్ళయింది, చుక్క తుప్పు ఉందా?" నేనూ ఎక్కి చూశాను. నిజమే, లేదు. డ్రిల్లు ముట్టుకున్నచోట వెండిలా మెరుస్తోంది. అక్కడే నిలబడి మిల్లులో పాత సహచరుడికి ఫోను చేశారు. "మన రాడ్డేనయ్యా! బిట్టు విరిగింది! ఆఁ, రెండు ముక్కలు!" అవతల ఆయన కూడా డీజీఎంగారే. చాలాసేపు మాట్లాడుకున్నారు. కుర్రాడికి బిట్టు ఖరీదిచ్చి, పైన ఇంకో వంద చేతిలో పెట్టారు. నేను చెప్పలేని మాట ఒక బిట్టు చెప్పింది, ఆయనకి మాత్రం అది మెచ్చుకోలుగా వినబడింది.

వైరు చివరికి వెంటిలేటరు లోంచి బయటికెళ్ళి, వాననీళ్ళ గొట్టం పక్కన ఎక్కి, నా కిటికీలోంచి లోపలికొచ్చింది. పైన పెట్టిన మూడో పెట్టెకి అన్నపూర్ణ అని పేరు. ఇప్పుడు మీటింగులో నా నోరు మామూలుగానే మూసుకుంటోంది. లాగ్ బుక్కులో ఆ రోజు జనరల్ షిఫ్టు కింద డీజీఎంగారు ఎర్రసిరాతో రాసుకున్నది ఇది: "స్లాబు: అత్యంత సంతృప్తికరం. డ్రిల్లు బిట్టు: నాసిరకం. వైఫై: వస్తోంది."

కింద పర్యవేక్షకుల సంతకం గడిలో ఆంటీగారు పాలవాడికి ఇవ్వాల్సిన బాకీ వేసుకున్నారు.