నాలుగో షీటు

నేను సెఫాలెక్సిన్ గోలీల షీటుని. పది గూళ్లు, గూటికో 500 మిల్లీగ్రాముల గోలీ. వీపున నిలువునా ఎర్రగీత. డాక్టరు చీటీ లేనిదే నన్ను మింగకూడదని ఆ గీత చెబుతుంది.

చర్ల మండలంలో ఒక సర్కారు దవాఖాన. ఇప్పపువ్వు రాలే రోజులు. తాలిపేరు వాగు అవతల గూడెం నుంచి ఒక గుత్తికోయ బాలింత వచ్చింది. ఒళ్లు కాలిపోతోంది. ఇక్కడ జ్వరమంటే ముందు మలేరియా చూస్తారు. వేలు గుచ్చారు, లేదు. ఎడమ రొమ్ము కందిపోయి రాయిలా ఉంది. చనుమొన పగిలినచోట క్రిమి దూరింది. పాలు విషమయ్యాయని అత్త మూడు రోజులుగా ఆ వైపు పట్టనివ్వలేదు. పాలు నిలిచి వాపు ఇంకా ముదిరింది.

డాక్టరమ్మ వెంటనే మందు రాయలేదు. బిడ్డకెన్ని రోజులు, పుట్టాక కామెర్లు వచ్చాయా, ఇంతకుముందు ఏ గోలీకైనా నీకు దద్దుర్లు లేచాయా అని అడిగింది. ఆశా కార్యకర్త ఆశమ్మ కోయలో అడిగి చెప్పింది. అలమరలో నా పక్కన కోట్రైమాక్సజోల్ ఉంది. కామెర్లున్న పసికందుకు, జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న బిడ్డకు తల్లిపాల ద్వారా కూడా అది మంచిది కాదు. ఆ లోపం అడవి గూడేల్లో కొందరికి ఉంటుంది. డాక్టరమ్మ చెయ్యి దాన్ని దాటి నా దగ్గర ఆగింది. నేనూ పాలలోకి వెళ్తాను, దాచను. కానీ తల్లీబిడ్డల బరువులతో లెక్క కడితే తల్లి మోతాదులో దాదాపు ఒక్క శాతమే. పది శాతంలోపైతే మామూలుగా భయం లేదంటారు వైద్యులు.

"పాలు ఆపకు బిడ్డా, ఆపితే చీము గడ్డ అయితది. బిడ్డకు నీళ్ల విరేచనాలైనా, నోట్లో తెల్లపూత కనబడినా, ఒంటి మీద దద్దుర్లు లేచినా తీసుకురా" అంది.

ఆరు గంటలకొకటి, పది రోజులు. అంటే నాలుగు షీట్లం. గుడిసెలో గడియారం లేదు. కోడికూత, నడిపొద్దు, దీపాల వేళ, నడిరాత్రి బిడ్డ ఏడుపు: ఆశమ్మ అలా గుర్తులు పెట్టింది.

మమ్మల్ని తడికలో దోపారు. నేను నాలుగోదాన్ని. మూడో రోజుకు జ్వరం దిగింది, ఆమె పువ్వు ఏరడానికి అడవికి పోయింది. నా భయమంతా అప్పుడే. తగ్గిందని మానేస్తే మిగిలిన క్రిమి మళ్లీ లేస్తుంది, ఈసారి నాకు లొంగకపోవచ్చు. ఆ నడిపొద్దు గోలీ తప్పిపోయింది. దీపాల వేళ ఆశమ్మ వచ్చి, కసరకుండా, మొదటి షీటు తీసి చేతిలో పెట్టింది.

తొమ్మిదో రోజు నా మొదటి గూడు చిట్లింది. ఆమె బొటనవేలి గోటిలో ఇప్పపువ్వు జిగురు. బిడ్డ ఎడమ వైపే తాగుతున్నాడు, గుటకలు నాకు వినబడుతున్నాయి.

తప్పినదానికి బదులు పదకొండో రోజు నడిపొద్దున చివరి గోలీ మింగింది. మర్నాడు ఆశమ్మ మా నలుగురినీ తడికలోంచి తీసి, గూడు గూడూ వేలితో నొక్కి లెక్కపెట్టింది. నలభై.